పదిహేడో డబ్బా

ఏం పని అని ఇంటి నుంచి అడిగితే
డాక్టరమ్మ దగ్గర అని చెప్త.
అబద్ధం కాదు.
ఐసుపెట్టె భుజానికేసుకొని
తెల్లారగట్ల సోనాపూర్ క్యాంపుల
నలభై మంది దొడ్డికి పోయిన డబ్బాలు
లెక్కవెట్టి తెచ్చుడు నా పని.
మూత మీద పేరుండదు. నంబరుంటది.

ఆమె పేరు షెన్ యూలాన్.
డ్రాగన్ మార్ట్ దిక్కు పోయి
గోడ నిండ సొరుగులున్న కొట్టుల
పసుప్పచ్చ వేర్లు తూకమేయించి తెస్తది.
మొదటి రోజు ఒక ముక్క నా నాలుక మీద పెట్టింది.
మానుపసుపు చేదు!
మా అవ్వ కండ్లకలకకు అరగదీసిన చేదు,
ఇంకో పేరు పెట్టుకొని
ఇంకో సముద్రం దాటి వచ్చినట్టుంది.

ఆరు వారాలు, పొద్దుమాపు, గ్లాసెడు కషాయం.
తాగినంక వాళ్ళ మొకాలు చూడాలె.
సిమెంటు బస్తాలు మోసేటోళ్ళు
ఆముదం తాగిన పోరగాండ్ల లెక్క.

"ఇది నెత్తురుల కలిసేది శానా తక్కువ,"
అన్నదొకనాడు డాక్టరమ్మ,
"మిగిలిందంత పేగులనే ఉంటది."
నాకు నవ్వొచ్చింది.
నెత్తురు దాకా వీసా దొరకని మందు
క్యాంపులనే ఉండి పని చేసుకుంటదన్నమాట.

ఎవరితోని పని?
అక్కడ కోట్ల మందట, కంటికి ఆనరట.
కొందర్ని ఈ చేదు తరుముతదట,
కొందరు దీన్నే తిని బలుస్తరట,
ఇంకొందరు వేరు ముడి విప్పి
లోపలి సారం మనకు అందిస్తరట.
తాగేది మనం. మందు చేసేది వాళ్ళు.
గాజు పళ్ళాలల్ల చూపించింది,
సగ్గుబియ్యం లెక్క మెరిసే చుక్కలు,
బూజు లెక్క పాకిన మచ్చలు.
వీటిని కాలనీలంటరట.
ఆరో వారానికి కాలనీలు మారినయి.
కొన్ని ఖాళీ అయినయి, కొన్ని కొత్తగ లేచినయి.

పదిహేడో డబ్బా ఒక్కటి మారలే.
మొదటి రోజు ఎట్లనో నలభై రెండో రోజు అట్లనే.
"స్పందన లేదు" అని రాసుకున్నది.

పేరు తెలువొద్దని రూలు.
డబ్బా అందించే చెయ్యి నాకు తెలుసు కద.
మెట్‌పల్లి దిక్కు ఆశన్న.
కడుపుల చల్ల కదలకుండ బతుకుదామని వచ్చి
పదకొండేండ్లు ప్రతి జ్వరానికి, ప్రతి దగ్గుకు,
డ్యూటీ తప్పితే జీతం కోస్తరని,
సెలవుకు పోయినోళ్ళు తెచ్చిన ఎర్రగోళీలు
సగం సగం మింగినోడు.

"వేరుది తప్పనలేం," అన్నది షెన్,
"దాన్ని విప్పేటోళ్ళు ఆ ఇంట్ల లేకపోవచ్చు."
రెండు రాత్రులు నిద్ర పట్టలే నాకు.

మా రూముల ఎనిమిది మంచాలు, ఒక పెరుగు గిన్నె.
మొదలు ఎవరు తెచ్చిన్రో యాదికి లేదు.
మిరపకాయ తొడిమెలతోని పేరిందంటడొకడు,
పెరుగుల ముంచి ఎండవెట్టిన గుడ్డ
అంగీ జేబుల వచ్చిందంటడు ఇంకొకడు.
మనుషులు పోయిన్రు,
క్యాన్సిలయ్యి, నడుము పడిపోయి, ఒకడు పెట్టెల.
తోడు పోలే.

తోడంటే మా దగ్గర రెండర్థాలని
డాక్టరమ్మకు చెప్పబోయిన.
నా ఇంగ్లీషు అందాక రాలే.
గిన్నె తీస్కపోయి చూపించిన.
వాసన చూసి, తన భాషల ఏదో అనుకున్నది.
"నా స్టడీల పెరుగు లేదు,"
కాయిదాలు సర్దుకుంట అన్నది,
"స్టడీ కూడ నిన్నటితోని అయిపోయింది."

శుక్రవారం మూతగిన్నెతోని పోయిన.
ఆశన్న బట్టలు పిండుతున్నడు.
"చేదు అయిపోయిందా?"
"అయిపోయింది."
"మరి నాకేమన్న పని చేసిందానే?"
నేను మూత తీసిన.

చేతులు తుడుచుకొని
ముందుగల్ల ఒక చెంచెడు తీసి
వేరే గ్లాసుల పెట్టిండు, రేపటికి.
అటెన్క తిన్నడు.